వియ్యాలవారి ఊరు ఆప్త్‌కి వెళ్తున్నాం (దక్షిణ ఫ్రాన్స్): ఏం తీసుకెళ్లాలి, ఎలా మసలుకోవాలి?

తెనాలి లెక్కల టీచర్:

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి ఫ్రెంచి అబ్బాయిని చేసుకుంది. పెళ్లి తెనాలిలోనే, మన పద్ధతిలోనే జరిగింది. వియ్యాలవారికి హోటల్ బుక్ చేస్తామంటే ఒప్పుకోలేదు, మా ఇంట్లోనే ఉన్నారు. వియ్యపురాలు మా తోటికోడళ్ల పక్కన చాప మీద కూర్చుని తలంబ్రాలు కలిపారు. వియ్యంకుడుగారు పొద్దున్నే మావారితో మార్కెట్‌కి వెళ్లి, వద్దంటున్నా వినకుండా కూరగాయల సంచి తనే మోసుకొచ్చేవారు. వాళ్లు అంత కలుపుగోలుగా ఉన్నారు కాబట్టే ఇప్పుడు మేం వెళ్లినప్పుడు ఏ లోటూ రాకూడదని నా తాపత్రయం.

వాళ్లది ప్రొవాన్స్‌లో, లుబెరోన్ కొండల పక్కన ఆప్త్ అనే చిన్న ఊరు. జూన్ నెలాఖరున వెళ్లి జులై మూడో వారం దాకా ఉంటాం. అమ్మాయి, అల్లుడు, మనవరాలు లియోన్‌లో ఉంటారు. మొదటి వారం వాళ్లకి సెలవు దొరకలేదు. అంటే ఆ వారమంతా వియ్యాలవారితో మేమిద్దరమే. వాళ్లకి ఇంగ్లిష్ అంతంతమాత్రం, మాకు ఫ్రెంచి సున్నా. నా టెన్షన్ అంతా ఆ వారం గురించే.

నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను. మావారు చేపలు తింటారు, మందు ముట్టరు, ఆయనకి షుగర్ ఉంది. ఉత్తచేతులతో వెళ్లలేం కదా, సారె లాంటిది ఏం పెట్టాలి? చీరల్లో తిరగొచ్చా? మా మరిది మాత్రం "అంత దూరం వెళ్లి ఆ పల్లెటూళ్లో ఏం చేస్తారు, పారిస్, స్విట్జర్లాండ్ చూసి రండి" అంటున్నాడు. అటువైపు ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

యానాం గోదారి:

టీచర్ గారూ, మాది యానాం. మా చిన్నాన్న వాళ్లకి ఫ్రెంచి పౌరసత్వం ఉంది, తూలోన్‌లో ఉంటారు. కాగితాల సంగతి వరకు నేను చెబుతాను. బంధువుల ఇంట్లో దిగుతున్నారు కాబట్టి మీ వియ్యంకుడుగారు వాళ్ల ఊరి మేరీకి, అంటే మునిసిపల్ ఆఫీసుకి, స్వయంగా వెళ్లి ఆతిథ్య పత్రం తీసుకోవాలి. దాన్ని అటెస్టాసియోన్ దాక్యోయ్ అంటారు. అసలు కాగితమే కొరియర్‌లో మీకు చేరాలి, ఫోన్‌లో పంపిన ఫొటో చాలదు. వీసా దగ్గరా అదే అడుగుతారు, అక్కడ విమానం దిగాక ఇమిగ్రేషన్‌లో అడిగినా అదే చూపించాలి. చేతి బ్యాగులో పెట్టుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే వీసాకి పెట్టుకోవచ్చు, వేసవి రద్దీ కాబట్టి ఆలస్యం చేయకండి. షుగర్ మందులకి డాక్టర్ చీటీ ఇంగ్లిష్‌లో రాయించుకోండి.

బెజవాడ నుంచి మనోస్క్:

టీచర్ గారూ, మా ఆయన ఇక్కడ కదరాష్ దగ్గర ఐటర్ అనే అణు ఫ్యూజన్ పరిశోధన ప్రాజెక్టులో చేస్తారు. అందులో మన దేశం కూడా భాగస్వామి కాబట్టి మనోస్క్, పెర్త్యూయి, ఎక్స్ ఊళ్ల చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఆప్త్ మాకు కారులో గంట లోపే. ఆ ఊరంటే నాకు చాలా ఇష్టం, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మొదటి వారం అమ్మాయి లేకపోవడం మీకు మంచిదే. అమ్మాయి ఉంటే ప్రతి మాటా ఆ పిల్ల మీదుగానే వెళ్తుంది. మీరు తెలుగులో తనకి చెబుతారు, తను ఫ్రెంచిలో అత్తగారికి చెబుతుంది, మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునే అవసరమే రాదు. మా అమ్మ వచ్చినప్పుడు మా పక్కింటి పెద్దావిడతో కలిసి బీన్స్ తొడిమలు తీస్తూ పొద్దంతా గడిపేసింది. నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి ఆవిడకి ఎంతమంది మనవలో, ఏ మోకాలు నొప్పో అన్నీ అమ్మే నాకు చెప్పింది. ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టుకోండి, ఫ్రెంచి ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కానీ దాన్ని ఎప్పుడూ చేతిలో పట్టుకుని ఉండకండి. వంటింట్లో పని అందుకోండి చాలు.

ఎండ గురించి. తెనాలివాళ్లకి ఎండ కొత్త కాదు గానీ ఇది పొడి ఎండ, చెమట పట్టినట్టే తెలియదు, నీళ్లు తాగడం మర్చిపోతారు. 2019 జూన్ 28న ఫ్రాన్స్ చరిత్రలోకెల్లా ఎక్కువ వేడి నమోదైంది ఈ దక్షిణాదిలోనే, వెరార్గ్ అనే ఊళ్లో 46 డిగ్రీలు. చాలా ఇళ్లలో ఏసీ ఉండదు, సీలింగ్ ఫ్యాన్ కూడా ఉండకపోవచ్చు. ఉన్నదల్లా మందపాటి రాతి గోడలు, కిటికీలకి చెక్క తలుపులు. పొద్దున ఎండ ఎక్కకముందే ఆ తలుపులన్నీ మూసేస్తారు, ఇల్లంతా చీకటి చేస్తారు, రాత్రి చల్లబడ్డాక అన్నీ బార్లా తీస్తారు. మనకి గాలి ఆడటం లేదనిపించి మధ్యాహ్నం కిటికీ తీయబోతాం. తీయకండి. రాత్రి పట్టుకున్న చల్లదనమంతా అరగంటలో పోతుంది, వియ్యపురాలు మొహమాటపడి ఏమీ అనరు. సాయంత్రం తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది, ఊరు అప్పుడే బయటికొస్తుంది. ఉత్తరం నుంచి మిస్త్రల్ అనే గాలి ఒక్కోసారి రోజుల తరబడి వీస్తుంది. వేసవైనా ఆ గాలికి చలేస్తుంది, ఒక శాలువా పెట్టుకోండి.

మీరు శనివారానికి ఆ ఊళ్లో ఉండేలా చూసుకోండి. ఆప్త్‌లో శనివారం పొద్దున సంత. వందల ఏళ్లుగా జరుగుతోంది. వీధులు, చిన్న చిన్న కూడళ్లు అన్నీ అంగళ్లే. మీ వియ్యంకుడుగారు తెనాలిలో సంచి మోశారన్నారే, ఇప్పుడు మీవారిని ఆ బుట్ట మోయనివ్వండి. ఒక్కటి గుర్తుంచుకోండి: అంగడి దగ్గరికి వెళ్లగానే బోంజూర్ అనాలి, ఆ తర్వాతే ధర అడగాలి. బేకరీకి వెళ్లినా, బస్సెక్కినా, మందుల షాపుకెళ్లినా అంతే. అది చెప్పకుండా మాట మొదలుపెడితే వాళ్లు చాలా నొచ్చుకుంటారు. పండ్లు మనలా నొక్కి చూసి ఏరుకోవడం ఉండదు, అమ్మేవాళ్లే తీసిస్తారు. కవయోన్ ఊరి మెలన్ (కర్బూజా) అడిగితే "ఈ మధ్యాహ్నానికా, రేపటికా" అని అడిగి, వాసన చూసి, దానికి తగ్గది ఇస్తారు. వాళ్ల మాట నమ్మండి. పన్నెండున్నరకల్లా అంతా సర్దేస్తారు. షాపులు కూడా మధ్యాహ్నం రెండు మూడు గంటల దాకా మూసే ఉంటాయి.

ఆ ఊరికి పేరు తెచ్చింది పండ్ల పాకం. చెర్రీలు, ఆప్రికాట్లు, బేరిపండ్లు, మెలన్ ముక్కలు, ఒక్కోసారి పండుకి పండే, చక్కెర పాకంలో నానబెట్టి, తీసి, పాకం చిక్కబరిచి మళ్లీ నానబెడతారు. అలా రోజుల తరబడి చేస్తే పండులో నీరంతా పోయి ఆ చోట చక్కెర చేరుతుంది, ఆకారం మాత్రం చెక్కుచెదరదు. మన ఆగ్రా పేఠా గుర్తొస్తుంది. 14వ శతాబ్దంలో క్రైస్తవ మతగురువులైన పోపులు దగ్గర్లోని ఆవిన్యోన్‌లో ఉన్న రోజుల్లో వాళ్ల వంటశాలకి ఆప్త్ నుంచే ఇవి వెళ్లేవి. సార్‌కి షుగర్ అన్నారు కాబట్టి చూడటం వరకే. ఎవరైనా ప్లేటు ముందుకు జరిపితే "డయాబెటిక్" అంటే చాలు, అర్థమవుతుంది.

ఇక భోజనం. శాకాహారం అన్నా అక్కడ కొందరు చేపని మాంసం కింద లెక్కపెట్టరు, కూరలో వేసిన పంది మాంసం ముక్కల్ని లెక్కలోకి తీసుకోరు. మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు అని ఒక్కొక్కటీ విడివిడిగా అమ్మాయి చేత ముందే ఫ్రెంచిలో మెసేజ్ పెట్టించండి. కూర్చున్నాక చెబితే వండినావిడకి బాధ. కానీ మీరు అదృష్టవంతులు, ఇది కూరగాయల సీమ. వంకాయ, టమాటా, కాప్సికం, కూర్జెట్ ఆలివ్ నూనెలో మగ్గబెట్టిన రటటూయి మీకు రెండో రోజుకే అలవాటవుతుంది. బీన్స్, కూరగాయల పులుసులో తులసి జాతి ఆకు నూరి కలిపే పిస్తూ సూపు మాంసం లేకుండానే చేసుకోవచ్చు. శనగపిండిని ఉడికించి చల్లార్చి వేయించే పానీస్ మీకు ఎంతో నచ్చుతుంది. జాగ్రత్త పడాల్సినవి: నల్ల ఆలివ్‌ల తపనాద్ పచ్చడిలో చిన్న చేపలు వేస్తారు, అయోలీలో గుడ్డు ఉంటుంది, కేకులు, టార్ట్‌లు సరే సరి.

బల్ల దగ్గర గంటన్నర, రెండు గంటలు కూర్చుంటారు. ఒకటి తిన్నాక ఒకటి వస్తుంది. మొదటిదే అన్నం అనుకుని కడుపు నింపుకోకండి. ఇంకో ముఖ్యమైన సంగతి, మనలా నాలుగుసార్లు బతిమాలి వడ్డించరు. మీరు మొహమాటానికి వద్దంటే గిన్నె పక్కకి వెళ్లిపోతుంది. కావాలంటే మొదటిసారే తీసుకోండి. రాత్రి భోజనం ఎనిమిది తర్వాతే. దానికి ముందు ఏడింటికి ఆలివ్‌లు, వేరుశనగలు పెట్టుకుని పస్తీస్ అనే సోంపు వాసన మందు తాగుతూ కూర్చుంటారు. మీవారు అక్కడ కూర్చోవాలి, తాగనక్కర్లేదు. చల్లటి సోడా నీళ్లలో నిమ్మచెక్క పిండుకుని గ్లాసు చేతిలో పెట్టుకుంటే చాలు. తాగలేదని ఎవరూ ఏమీ అనుకోరు. లేచి గదిలోకి వెళ్లిపోతే మాత్రం అనుకుంటారు. మాత్ర వేసుకునే వేళ ముందే చెప్పి ఒక రొట్టె ముక్క తెచ్చుకోమనండి.

సారె అన్నారు. నెయ్యి, పాలకోవా, పాలతో చేసినవి ఏవీ తేకూడదు, మాంసం పచ్చళ్లు కూడా. యూరప్ దేశాల నిబంధన అది, కస్టమ్స్‌లో తీసి పారేస్తారు. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు కూడా వద్దు. కారప్పొడులు, నూనె పచ్చళ్లు గట్టిగా సీలు వేయించి తెచ్చుకోవచ్చు. వాళ్ల కోసమైతే నా సలహా ఒకటే: పెడన కలంకారి టేబుల్ క్లాత్. ప్రొవాన్స్ సంతల్లో పువ్వుల అచ్చుల గుడ్డలు కనిపిస్తాయి, వాటిని ఇప్పటికీ ఇండియెన్ అనే పిలుస్తారు. 17వ శతాబ్దంలో మన దేశం నుంచి, అందులో మచిలీపట్నం తీరం నుంచి కూడా, అచ్చు వేసిన నూలు గుడ్డలు మార్సెయ్ రేవుకి వచ్చాయి. ఇక్కడి జనం వాటి మీద ఎంత మోజు పడ్డారంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రెంచి రాజు 1686లో నిషేధం పెట్టాడు. అది 1759 దాకా నడిచింది. ఈ గుడ్డల పుట్టిల్లు మీ పక్క జిల్లా. మీ వియ్యపురాలికి ఈ కథ చెప్పి ఇవ్వండి, ఆవిడ జన్మలో మర్చిపోరు. ఒక్క మాట, అక్కడ పూలు కొని ఇవ్వాలనిపిస్తే చామంతులు వద్దు. నవంబరులో సమాధుల మీద పెట్టే పూలు అవి.

పలకరింపులో చెంపకి చెంప ఆనిస్తారు. ఇబ్బందిగా ఉంటే మీరే ముందుగా చేతులు జోడించండి, వాళ్లకి మన నమస్కారం తెలుసు కదా. చీరలు హాయిగా కట్టుకోండి, నూలువి. నడకకి మాత్రం బూట్లు తప్పదు, ఆ వీధులన్నీ రాళ్లు పరిచినవి.

హైదరాబాద్ బ్యాక్‌ప్యాక్:

అక్కా, మీ మాట కాదనట్లేదు కానీ వీసా, టికెట్లకి లక్షలు పెట్టి మూడు వారాలు ఒకే ఊళ్లోనా? షెంగెన్ వీసా ఉంటే స్విట్జర్లాండ్ కూడా వెళ్లొచ్చు. పారిస్ మూడు రోజులు, స్విస్ నాలుగు రోజులు పెట్టుకుంటే బాగుంటుంది. ఆ వయసులో మళ్లీ మళ్లీ వెళ్తారా?

బెజవాడ నుంచి మనోస్క్:

తమ్ముడూ, మళ్లీ మళ్లీ వెళ్లరు కాబట్టే నేను ఉండమంటున్నాను. ఈఫిల్ టవర్ ఎవరికైనా టికెట్ ఇస్తుంది. వియ్యాలవారి వంటింట్లో కూర్చునే హక్కు ఈ టీచర్ గారికి మాత్రమే ఉంది. వాళ్లకీ వయసు మీద పడుతోంది, రేపు మనవరాలు పెద్దదయ్యాక "మా తాత, మామ్మ ఎలా ఉండేవాళ్లు" అని అడిగితే తెనాలి అమ్మమ్మ చెప్పగలగాలి. పారిస్ చూడాలనుంటే అమ్మాయి వచ్చాక తిరుగు ప్రయాణంలో రెండు రోజులు చూసుకోవచ్చు, దానికి నేను అడ్డు చెప్పను. మొదటి వారం మాత్రం ఎక్కడికీ కదలొద్దు.

ఓరుగల్లు విద్యార్థి:

నేను మార్సెయ్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. ఆప్త్‌కి రైలు లేదు ఆంటీ, పాత రైలు దారిని సైకిల్ బాటగా మార్చేశారు. పారిస్‌లో దిగితే ఛార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచే ఆవిన్యోన్‌కి నేరుగా టీజీవీ (హైస్పీడ్) రైళ్లు ఉన్నాయి, ఊళ్లోకి వెళ్లక్కర్లేదు. మూడు గంటల పైచిలుకు. ఆవిన్యోన్‌లో రెండు స్టేషన్లున్నాయి, టీజీవీ స్టేషన్ ఊరి బయట ఉంటుంది, అంకుల్ వాళ్లని ఏ స్టేషన్‌కి రావాలో స్పష్టంగా చెప్పండి. పెద్ద లగేజీతో రైలు మారడం కష్టమనుకుంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారి మార్సెయ్‌లో దిగడం తేలిక. విమానం ఆలస్యమవుతుందేమో అని రైలుకి బాగా వ్యవధి పెట్టుకోండి.

తెనాలి లెక్కల టీచర్:

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మనోస్క్ అమ్మాయీ, నువ్వు రాసింది మావారికి చదివి వినిపించాను. ఆయన బుట్ట మోయడానికి ఇప్పటి నుంచే సిద్ధం. మా మరిదికి కూడా పంపాను. ఇంకో రెండు అడగనా? ఒకరోజు నేను వాళ్లకి వండి పెట్టాలనుకుంటున్నాను, ఏం దొరుకుతాయి? రెండోది, వియ్యంకుడుగారూ మావారూ ఇద్దరే కూర్చున్నప్పుడు ఏం మాట్లాడుకుంటారో నాకు తోచడం లేదు. ఆయన రిటైరైన పోస్ట్‌మాస్టర్, నాటకాలంటే ప్రాణం. తెనాలివాళ్లం కదా. మోకాళ్లు ఫర్వాలేదు, మెల్లగా అయితే నడవగలం.

బెజవాడ నుంచి మనోస్క్:

తప్పకుండా వండండి, కానీ ఆవిడ వంటింట్లో ఆవిడ పక్కనే నిలబడి వండండి. చింతపండు, ఇంగువ, ఆవాలు, ఎండుమిర్చి, ఎండు కరివేపాకు మీరు తెచ్చుకోండి. కమార్గ్ ప్రాంతంలో పండిన బియ్యం దొరుకుతుంది, పులిహోరకి బాగుంటుంది. వంకాయలు లేతవి సంతలోనే ఉంటాయి. కారం సగానికి సగం తగ్గించండి. ఈ కొండల్లో పండే చిరు గోధుమ ఒకటుంది, పెతీ తెపోత్ర్ అంటారు. దాన్ని నానబెట్టి ఉప్మాలా చేసి పెట్టండి, సార్ షుగర్‌కి తెల్లన్నం కంటే అదే నయం. వాళ్ల గింజ, మన పోపు.

నాటకాలంటే ప్రాణం అన్నారా! అయితే మాటలకి కొదవలేదు. ఆవిన్యోన్‌లో ప్రతి జులైలో నాటకోత్సవం జరుగుతుంది, 1947లో జాన్ విలార్ అనే ఫ్రెంచి నాటక దర్శకుడు మొదలుపెట్టాడు. 1985లో పీటర్ బ్రూక్ అనే ఇంగ్లిష్ దర్శకుడు మన మహాభారతాన్ని ఆ ఉత్సవంలోనే, బుల్‌బోన్ దగ్గర రాతి క్వారీలో ఆడించాడు. 9 గంటల నాటకం. ద్రౌపది వేషం వేసింది మన కూచిపూడి నర్తకి మల్లికా సారాభాయ్. ఆ చుట్టుపక్కల ఆ వయసువాళ్లలో అది చూసినవాళ్లు, విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. సార్‌ని అడగమనండి. చూడలేదన్నా ఫర్వాలేదు, ధర్మరాజు జూదం గురించి సార్ చేతులు తిప్పుతూ చెబితే భాష అడ్డురాదు. వీలైతే జులైలో ఇద్దరినీ ఆవిన్యోన్ పంపండి, వీధి వీధికీ నాటకమే.

ఊరు దాటి చూడాల్సినవి దగ్గర్లోనే ఉన్నాయి, పొద్దున్నే వెళ్లి పదకొండింటికి ఇల్లు చేరాలి. ఆప్త్ పక్కనే జూలియన్ వంతెన, రోమన్లు కట్టింది, క్రీస్తుకి పూర్వం 3వ సంవత్సరం నాటిది. 2005 దాకా దాని మీద కార్లు వెళ్లాయంటే నమ్మండి. రుసియోన్‌లో ఎర్రమట్టి కొండలు, పసుపు నుంచి ముదురు ఎరుపు దాకా రంగులు. ఇనుము కలిసిన మట్టి అది, ఒకప్పుడు రంగుల తయారీకి ఇక్కడి నుంచే దేశదేశాలకి వెళ్లేది. ఆ రోజు తెల్ల చీర మాత్రం కట్టకండి, అంచు ఎర్రబడితే ఉతికినా పోదు. మెట్లున్నాయి, చిన్న దారి ఎంచుకోండి. లావెండర్ పొలాలు జులై మొదట్లో నిండుగా ఉంటాయి, కోతలు నెల మధ్యలో మొదలవుతాయి. సెనాంక్ మఠం ముందున్న పొలం చూడండి, ఆ మఠం 1148లో స్థాపించినది. అడవి దారుల్లో నడవాలనుకుంటే ముందు రోజు వియ్యంకుడుగారిని కనుక్కోమనండి, కార్చిచ్చు భయంతో వేసవిలో ఒక్కోరోజు దారులు మూసేస్తారు.

ఆప్త్‌లోనే సెయింట్ ఆన్ పేరున పాత చర్చి ఉంది. ఏసుప్రభువుకి అమ్మమ్మ ఆవిడ. ఫ్రాన్స్ రాణి ఆన్‌కి పెళ్లయిన ఇరవై ఏళ్లకి పైగా పిల్లలు నిలవలేదు, 1638లో పద్నాలుగో లూయీ పుట్టాడు. ఆ మొక్కు తీర్చుకోవడానికి 1660లో ఆవిడ ఇక్కడికి వచ్చింది. మనవరాలు వచ్చాక తనని తీసుకుని వెళ్లండి, లోపల చల్లగా కూడా ఉంటుంది.

తెనాలి లెక్కల టీచర్:

మహాభారతం మాట వినగానే మావారు గయోపాఖ్యానం పద్యం ఎత్తుకున్నారు, ఇక ఆగేలా లేరు. చిరు గోధుమ ఉప్మా రాసి పెట్టుకున్నాను. శుక్రవారానికి ఆప్త్ చేరేలా టికెట్ చూడమని అల్లుడికి చెప్పాను, మార్సెయ్ మీదుగానే. ఆదివారం పెడన వెళ్తున్నాం. భోజనం బల్ల ఎంత పొడుగు, ఎంత వెడల్పో అమ్మాయి చేత కనుక్కున్నాను, కానీ అంచు చుట్టూ ఎంత వేలాడాలో తెలియలేదు. మీ దగ్గర ఎంత వదులుతారమ్మా?

బెజవాడ నుంచి మనోస్క్:

అన్ని వైపులా జానెడు వదలండి టీచర్ గారూ. కూర్చున్నవాళ్ల ఒడిలోకి మరీ రాకూడదు. ముదురు రంగు నేల ఉన్నది తీసుకోండి, టమాటా, ఆలివ్ నూనె మరకలు కనపడవు.